పేరు తెలియని హబ్ మోటారుకు వెస్క్ కంట్రోలర్: అది కొలిచి చెప్పేది ఎంత, మనం తేల్చుకోవలసింది ఎంత

పాత ఎలక్ట్రిక్ సైకిళ్ల నుంచి విప్పిన హబ్ మోటార్లు, అంటే చక్రం నడిమధ్యలోనే ఉండే మోటార్లు, ఇప్పుడు సెకండ్ హ్యాండ్ సామాన్ల దుకాణాల్లో చక్రంతో సహా తక్కువ ధరకే దొరుకుతున్నాయి. వాటిలో చాలావాటికి స్టిక్కరు ఉండదు. ఇరుసు పక్కన చెక్కిన అంకెలు ఉన్నా అవి తయారీ వరుస సంఖ్యలే తప్ప, ఎన్ని వోల్టులు, ఎన్ని వాట్లు, లోపల ఎన్ని అయస్కాంతాలు అన్నది చెప్పవు. అలాంటి ఒక మోటారును 26 అంగుళాల చక్రంలో, 36 వోల్టుల లిథియం బ్యాటరీతో నడిపించడానికి వెస్క్ ఫర్మ్‌వేర్ (లోపల నడిచే ప్రోగ్రాం) గల కంట్రోలర్‌ను, అంటే బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటును అదుపుచేసి పంపే పెట్టెను కొని, విశాఖపట్నంలో రోజువారీ ప్రయాణానికి వాడుతున్నాను. మోటారు విద్యుత్ లక్షణాలను కొలిచి చూపడంలో ఈ ధరలో దీనికి సాటి వచ్చే కంట్రోలర్‌ను నేను చూడలేదు. అయితే ఆ మోటారు ఎంత వేడిని తట్టుకోగలదో, దాన్ని బిగించిన సైకిలు ఎంత బలాన్ని భరించగలదో ఇది చెప్పలేదు. ఆ రెండింటినీ మనమే తేల్చుకోవాలి. ఈ తేడా తెలిసి కొనేవారికి ఇది చాలా మంచి వస్తువు. తెలియకుండా కొనేవారి చేతిలో మోటారు కాలిపోయే అవకాశం ఉంది.

వెస్క్ అనేది స్వీడన్ ఇంజనీరు బెంజమిన్ వెడ్డర్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. ఫర్మ్‌వేర్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది కనుక అనేక కంపెనీలు తమ తమ బోర్డులను తయారుచేసి అమ్ముతున్నాయి. నేను కొన్నది అలాంటి ఒక అల్యూమినియం పెట్టె: మోటారు చుట్టలకు కరెంటు మోసే మూడు ఫేజ్ వైర్లు, బ్యాటరీకి రెండు లావు వైర్లు, హాల్ సెన్సార్లకు (మోటారులో తిరిగే భాగం స్థానాన్ని తెలిపేవి) ఆరు పిన్నుల కనెక్టర్, థ్రాటిల్‌కు (హ్యాండిల్ మీద వేగం పెంచే పిడి) మరో కనెక్టర్, కంప్యూటరుకు కలపడానికి యూఎస్‌బీ. దిగుమతి సుంకంతో కలిపి పది వేల రూపాయలు దాటింది. పెట్టె మీద 75 వోల్టులు, 100 ఆంపియర్లు అని రాసి ఉంది. ఆంపియర్ల అంకెను గాలి బాగా తగిలే చోట, పెద్ద లోహపు పలకకు బిగించినప్పటి మాటగానే తీసుకోవాలి; సైకిలు ఫ్రేము సంచిలో కూర్చోబెట్టిన పెట్టె అంత కరెంటు నిలకడగా ఇవ్వదు. నా అవసరం అందులో నాలుగో వంతు కూడా లేదు కనుక దాని గురించి బెంగ పడలేదు.

తెలియని మోటారుతో మామూలు కంట్రోలర్లకు వచ్చే చిక్కు ఏమిటో ముందు చెప్పాలి. మోటారు నుంచి మూడు లావు ఫేజ్ వైర్లు, మూడు సన్నని హాల్ సిగ్నల్ వైర్లు వస్తాయి. పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులు రెండింటిలోనూ ఉంటాయి కానీ ఒక తయారీదారు పసుపు ఇంకొకరి పసుపు కానవసరం లేదు. వాటిని కలపడానికి మొత్తం 36 విధాలు ఉన్నాయి. వాటిలో మోటారు సరిగా తిరిగేవి ఆరు మాత్రమే, అందులోనూ మూడు ముందుకు, మూడు వెనక్కి. తప్పు జతలో కొన్ని కుదుపుతో ఆగిపోతాయి, కొన్ని తిరుగుతున్నట్టే కనిపిస్తూ అవసరానికి మించిన కరెంటు తాగుతాయి. ఈ రెండో రకమే ప్రమాదకరం, ఎందుకంటే చక్రం గాలిలో తిరుగుతున్నంత సేపూ అంతా బాగున్నట్టే ఉంటుంది. చవక కంట్రోలర్లలో కొన్నింటికి రెండు తెల్ల వైర్లను కలిపితే జతను తానే నేర్చుకునే ఏర్పాటు ఉంటుంది. అది ఉపయోగకరమే గానీ, ఏం నేర్చుకున్నదో మనకు చూపదు. వెస్క్ చూపుతుంది. నాకు నచ్చిన మొదటి గుణం అదే.

కంట్రోలర్‌ను కలిపే ముందు చేతితో చేసుకోవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. వీటికి మల్టీమీటరు చాలు. ఫేజ్ వైర్లకూ ఇరుసుకూ మధ్య మీటరు ఎలాంటి ప్రసారమూ చూపకూడదు. చూపితే వైండింగ్ (రాగి చుట్టల) ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టే, ఆ మోటారును అక్కడే వదిలేయాలి. తర్వాత మూడు ఫేజ్ వైర్ల కొసలు ఒకదానికొకటి కలిపి పట్టుకుని చక్రాన్ని తిప్పాలి. రెండు వైపులా బరువుగా, బంకలో తిరిగినట్టు తిరిగితే అది గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ మోటారు. ముందుకు తేలికగా తిరిగి వెనక్కి మాత్రమే బరువుగా ఉంటే లోపల గేర్లూ, ఒకవైపే పట్టే క్లచ్చూ ఉన్నాయని అర్థం. ఏ రెండు వైర్లు కలిపినా, వేటినీ కలపకపోయినా తేడా తెలియకపోతే వైండింగ్‌లోనో వైర్లలోనో తెగిన చోటు ఉండవచ్చు. నా మోటారు డైరెక్ట్ డ్రైవ్ అని తేలింది.

హాల్ కనెక్టర్‌లో సాధారణంగా అయిదు వైర్లుంటాయి: ఎరుపు 5 వోల్టులకు, నలుపు గ్రౌండుకు, తక్కిన మూడు సిగ్నళ్లకు. ఆరో వైరు తెల్లనిది ఉంటే దాన్ని పరిశీలించకుండా ఎక్కడా కలపకూడదు. అది చక్రం వేగం తెలిపే సెన్సారు కావచ్చు, ఉష్ణోగ్రత తెలిపే థర్మిస్టర్ కావచ్చు. దానికీ నల్ల వైరుకూ మధ్య గది ఉష్ణోగ్రత దగ్గర 10 కిలో ఓముల చుట్టుపక్కల చూపించి, మోటారు ఎండలో కాసేపు వేడెక్కాక ఆ విలువ తగ్గితే అది ఎన్‌టీసీ థర్మిస్టరే. అలాంటి మోటారు దొరికినవారు అదృష్టవంతులు. నా మోటారులో ఆరో వైరు లేదు, అందుకే ఈ సమీక్షలో వేడి గురించి ప్రత్యేకంగా చెబుతాను.

ఇక అయస్కాంతాల లెక్క. కంట్రోలర్ చూసే వేగం విద్యుత్ ఆవృత్తుల వేగం, దాన్నే వెస్క్ టూల్‌లో ఈఆర్‌పీఎం అంటారు. దాన్ని ధ్రువ జంటల (ఉత్తర, దక్షిణ అయస్కాంతాల జతల) సంఖ్యతో భాగిస్తేనే చక్రం నిజంగా తిరిగే వేగం వస్తుంది. ఈ సంఖ్యను వెస్క్ తనంతట తాను కనుక్కోలేదు. తప్పు సంఖ్య ఇచ్చినా మోటారు చక్కగానే తిరుగుతుంది, వేగమూ దూరమూ మాత్రం అబద్ధం చెబుతాయి. హాల్ సెన్సార్లకు కంట్రోలర్ నుంచి కరెంటు అందుతుండగా ఒక సిగ్నల్ వైరు మీద మీటరు పెట్టి, వాల్వు దగ్గర గుర్తు పెట్టుకుని, చక్రాన్ని మెల్లగా సరిగ్గా ఒక చుట్టు తిప్పితే సున్నాకు దగ్గరి విలువ నుంచి పై విలువకు ఎన్నిసార్లు ఎక్కుతుందో అదే ధ్రువ జంటల సంఖ్య. గేర్ల మోటారైతే వెనక్కి తిప్పాలి, అప్పుడు వచ్చేది జంటల సంఖ్యను గేరు నిష్పత్తితో గుణించిన విలువ. నాకు 23 వచ్చింది. అంటే 46 అయస్కాంతాలు. 205 మిల్లీమీటర్ల తరగతి డైరెక్ట్ డ్రైవ్ మోటార్లలో చాలా వాటికి ఇదే సంఖ్య ఉంటుంది కనుక మోటారు ఏ కుటుంబానిదో కొంత తెలిసినట్టయింది. ఎనిమిది జంటలూ, అయిదుకు ఒకటి గేరు నిష్పత్తీ గల మోటార్లకు 40 వస్తుంది. హాల్ సెన్సార్లు పాడైన మోటారుకు ఇంకో దారి ఉంది: బెంచ్ పవర్ సప్లైలో (వోల్టేజీ, కరెంటు మనం పెట్టుకోగల బల్ల మీది విద్యుత్ పరికరం) కరెంటును రెండు మూడు ఆంపియర్లకు కట్టడి చేసి రెండు ఫేజ్ వైర్లకు ఇస్తే చక్రం కొన్ని స్థానాల్లో పట్టేసినట్టు ఆగుతుంది; ఒక చుట్టులో అలాంటి స్థానాలు ఎన్ని ఉంటే అన్ని జంటలు.

వెస్క్ టూల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కంప్యూటరులోనూ, ఆండ్రాయిడ్ ఫోనులోనూ పనిచేస్తుంది. మొదటిసారికి కంప్యూటరే మేలు, తెర పెద్దది కనుక. చక్రం నేల తగలకుండా స్టాండు మీద నిలిపి ఎఫ్‌ఓసీ (మోటారు కరెంటును మృదువుగా నియంత్రించే పద్ధతి) మోటారు సెటప్ విజర్డ్‌ను నడిపిస్తే అది మోటారు పరిమాణం, బ్యాటరీ రకం, సెల్స్ వరుస, చక్రం వ్యాసం, అయస్కాంతాల సంఖ్య అడిగి కొలతలు మొదలుపెడుతుంది. మొదట చక్రం కదలకుండానే సన్నగా కీచుమంటుంది, అప్పుడు వైండింగ్ రెసిస్టెన్సునూ ఇండక్టెన్సునూ కొలుస్తోంది. తర్వాత చక్రాన్ని తిప్పి, అయస్కాంతాల బలాన్ని తెలిపే ఫ్లక్స్ లింకేజ్ విలువను పట్టుకుంటుంది. చివరకు మెల్లగా ముందుకూ వెనక్కూ తిప్పుతూ హాల్ సెన్సార్ల పట్టికను తయారుచేస్తుంది. ఫేజ్ వైర్లనూ హాల్ వైర్లనూ ఏ వరుసలో కలిపినా ఫర్వాలేదు. ఆ వరుసకు తగిన పట్టికను అదే రాసుకుంటుంది. చక్రం వెనక్కి తిరిగితే వైర్లు మార్చనక్కరలేదు, దిశను తిరగవేసే ఒక మీట ఉంది. 36 విధాల వెతుకులాట ఒక్క నిమిషంలో ముగిసిపోతుంది. వైర్ల కొసలు మార్చి మార్చి టంకం వేసుకున్న వారికి ఇది ఎంత ఉపశమనమో నేను చెప్పనక్కరలేదు.

వచ్చిన విలువలను అలాగే ఒప్పుకోకుండా సరిచూసుకోవడం మంచిది, అందుకు వీలు ఉండటమే ఈ కంట్రోలర్ గొప్పతనం. నా మోటారుకు రెసిస్టెన్సు 140 మిల్లీఓములు, ఇండక్టెన్సు 280 మైక్రోహెన్రీల దగ్గర, ఫ్లక్స్ లింకేజ్ 34 మిల్లీవెబర్లు వచ్చాయి. మామూలు మల్టీమీటరు ఇంత తక్కువ రెసిస్టెన్సును నమ్మకంగా చూపలేదు. బెంచ్ సప్లై నుంచి రెండు ఫేజ్‌ల గుండా 5 ఆంపియర్లు పంపి వాటి మధ్య వోల్టేజీ చూస్తే 1.4 వోల్టులు, అంటే 0.28 ఓములు. వెస్క్ చూపేది ఒక్క ఫేజ్ విలువ, మనం కొలిచింది రెండు ఫేజ్‌లది కనుక సగం చేస్తే రెండూ సరిగ్గా కలిశాయి. ఫ్లక్స్ లింకేజ్‌నూ ఇలాగే పరీక్షించవచ్చు. 60ని ఫ్లక్స్ లింకేజ్, ధ్రువ జంటలు, 6.28, 1.73 అన్న నాలుగింటి లబ్ధంతో భాగిస్తే ఒక వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. నా మోటారుకు అది 7. నిండుగా ఛార్జి అయిన 42 వోల్టుల బ్యాటరీతో భారం లేకుండా చక్రం నిమిషానికి 290 చుట్లకు కాస్త పైన తిరగాలి, అంటే గంటకు 36 కిలోమీటర్లు. గాలిలో తిప్పి చూస్తే దాదాపు అంతే వచ్చింది. ఇది చాలా తేడాగా వస్తే ధ్రువ జంటల లెక్కలోనో, ఫ్లక్స్ కొలతలోనో పొరపాటు జరిగిందని తెలుసుకోవచ్చు.

హాల్ పట్టికలో ఎనిమిది అంకెలుంటాయి. మొదటిదీ చివరిదీ 255 అయితే ఆ రెండు స్థితులూ ఎప్పుడూ రాలేదని అర్థం, మామూలు 120 డిగ్రీల సెన్సార్ల అమరికకు అదే సరైనది. తక్కిన ఆరింటిని చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చితే ఒక్కోదానికి మధ్య 33 అటూ ఇటూ తేడా ఉండాలి, ఎందుకంటే పూర్తి చుట్టును ఇక్కడ 200 భాగాలుగా లెక్కిస్తారు. నాకు 255, 167, 100, 133, 33, 1, 67, 255 వచ్చాయి. ఇంత సమంగా రాకపోయినా నడుస్తుంది. ఒక జత మధ్య తేడా 20, పక్క జతలో 46 అన్నట్టుంటే మాత్రం ఒక సెన్సారు తన గాడిలో వంకరగా అతుక్కుని ఉండవచ్చు. మామూలు కంట్రోలర్ అలాంటి మోటారును గరగరలాడిస్తుంది. వెస్క్ ఆ వంకరను పట్టికలో రాసుకుని సర్దుకుపోతుంది. నాలుగైదు 255లు కనిపిస్తే ఒక సెన్సారు చనిపోయిందో, వైరు తెగిందో చూసుకోవాలి.

ఇక్కడి దాకా కంట్రోలర్ మీద మెచ్చుకోలే. కరెంటు పరిమితి దగ్గరికి వచ్చేసరికి జాగ్రత్త అవసరం. విజర్డ్ మొదట్లో మోటారు పరిమాణాన్ని బరువును బట్టి ఎంచుకోమంటుంది. ఆ ఎంపిక ఆధారంగా మోటారు ఎన్ని వాట్ల వేడిని భరించగలదో ఒక అంచనా వేసుకుని, కొలిచిన రెసిస్టెన్సుతో కలిపి గరిష్ఠ మోటారు కరెంటును లెక్కగడుతుంది. లెక్క సరళమైనదే: వేడి వాట్లను రెసిస్టెన్సుకు ఒకటిన్నర రెట్లతో భాగించి వర్గమూలం తీయడం. నా మోటారు 60 వాట్ల వేడిని భరిస్తుందనుకుంటే 17 ఆంపియర్లు; 200 వాట్లనుకుంటే 31 ఆంపియర్లు. రెసిస్టెన్సు కొలిచినది, 60 అన్నదీ 200 అన్నదీ ఊహ. పైగా ఆ పరిమాణాల జాబితాలో ఎక్కువ భాగం స్కేటు బోర్డుల వంటి చిన్న మోటార్ల తీరులో రూపొందినది. వాటి చుట్టూ గాలి ఆడుతుంది. హబ్ మోటారులో రాగి చుట్టలు మూసిన డబ్బా నడుమ ఇరుసు మీద ఉంటాయి. వాటి వేడి సన్నని గాలి పొరను దాటి బయటి డబ్బాకు చేరాలి, అక్కడి నుంచి బయటి గాలికి పోవాలి. బరువు చూసి పెద్ద పరిమాణం ఎంచుకుంటే చదును రోడ్డు మీద ఏమీ కాదు, ఏటవాలు దారిలో మెల్లగా ఎక్కుతున్నప్పుడు కాలుతుంది.

ఎంత కరెంటు కావాలో వెనక నుంచి లెక్కించుకోవడం నాకు మంచి పద్ధతిగా తోచింది. ధ్రువ జంటలు, ఫ్లక్స్ లింకేజ్, కరెంటు, ఒకటిన్నర అన్నవాటిని గుణిస్తే టార్కు (తిప్పే బలం) వస్తుంది. 17 ఆంపియర్లకు అది దాదాపు 20 న్యూటన్ మీటర్లు. చక్రం వ్యాసార్థం 33 సెంటీమీటర్లు కనుక నేల మీద తోపు 60 న్యూటన్లు. సైకిలూ మనిషీ కలిసి 100 కిలోలైతే నూటికి ఆరు వాలుకు సరిగ్గా అంత తోపు కావాలి. టైరు రాపిడి, గాలి అడ్డంకులకు తొక్కుడు తోడవ్వాలి. నగరంలోని ఎగుడుదిగుళ్లకు ఇది సరిపోతుంది. సింహాచలం కొండ ఎక్కే ఘాట్ రోడ్డుకు మాత్రం కాళ్లు గట్టిగానే పనిచేయాలి, లేదా కరెంటు పెంచి వేడిని గమనించుకుంటూ వెళ్లాలి.

థర్మిస్టర్ లేని మోటారులో వేడిని గమనించడం ఎలా అన్నదానికి ఈ కంట్రోలరే ఒక జవాబు ఇస్తుంది, దీన్ని నేను కొన్నందుకు అన్నిటికన్నా సంతోషించిన విషయం ఇదే. రాగి రెసిస్టెన్సు ప్రతి డిగ్రీకి నూటికి 0.39 చొప్పున పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు, అంటే 30 డిగ్రీల దగ్గర 140 మిల్లీఓములు ఉన్న వైండింగ్ 175 మిల్లీఓములు చూపితే అది 95 డిగ్రీల చుట్టుపక్కలకు చేరిందన్నమాట. ఎక్కుడు దారి అయిన వెంటనే ఆగి, చక్రాన్ని కదలనివ్వకుండా ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో రెసిస్టెన్సు కొలత ఒక్కటి నడిపిస్తే వైండింగ్ సగటు ఉష్ణోగ్రత తెలిసిపోతుంది. బయటి డబ్బాను చేత్తో తాకి చూస్తే ఇది తెలియదు. లోపల చుట్టలు 90 దాటినా డబ్బా ఇంకా గోరువెచ్చగానే ఉండవచ్చు. ఈ పద్ధతితో కొలుస్తూ 17 నుంచి మొదలుపెట్టి 22 ఆంపియర్ల దాకా పెంచాను. అక్కడ ఎక్కుడు చివర రెసిస్టెన్సు ఆ 175కు కొంచెం కింద ఆగింది, ఇక పెంచలేదు. థర్మిస్టర్ ఉన్నవారికి ఈ శ్రమ లేదు: మోటారు 85 డిగ్రీలకు చేరగానే కరెంటు తగ్గించడం మొదలుపెట్టి 100కు పూర్తిగా ఆపేసే ఏర్పాటు వెస్క్‌లో ముందే ఉంది. థర్మిస్టర్ రకాన్ని సరిగా ఎంచుకోవడం ఒక్కటే మన పని.

మోటారు కరెంటు, బ్యాటరీ కరెంటు రెండూ వేరు. వెస్క్‌లో రెంటికీ వేరు వేరు గడులు ఉండటం కొత్తవారిని కలవరపెడుతుంది కానీ, అలా ఉండటమే సరైనది. మెల్లగా ఎక్కేటప్పుడు మోటారులో 20 ఆంపియర్లు పారుతున్నా బ్యాటరీ నుంచి 5 మాత్రమే రావచ్చు. బ్యాటరీ పరిమితిని నేను 7 ఆంపియర్లుగా పెట్టాను, 36 వోల్టులతో గుణిస్తే దాదాపు 250 వాట్లు. మన దేశంలో 30 నిమిషాల పవర్ 250 వాట్లకు లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండటం వంటి షరతులకు లోబడిన బ్యాటరీ వాహనాలనే మోటారు వాహనాల కోవ నుంచి మినహాయించారు. 25 కిలోమీటర్ల వేగానికి ఈ చక్రం నిమిషానికి 201 చుట్లు తిరుగుతుంది, 23తో గుణిస్తే 4,623 ఈఆర్‌పీఎం. గరిష్ఠ ఈఆర్‌పీఎం గడిలో అంతకు కాస్త తక్కువ పెడితే సరిపోతుంది. అయితే వెస్క్ ఆ హద్దులో నూటికి 80 దగ్గరే కరెంటును తగ్గించడం మొదలుపెడుతుంది కనుక 20 కిలోమీటర్లు దాటాక తోపు మెత్తబడటం తెలుస్తుంది; ఆ శాతాన్ని 90కి మార్చితే మేలు. 10 సెల్స్ బ్యాటరీకి 34 వోల్టుల దగ్గర కరెంటు తగ్గడం మొదలై 31 దగ్గర ఆగేలా పెట్టాను, బీఎంఎస్ (బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్) ఒక్కసారిగా కోసేయడం కన్నా ఇది హాయిగా ఉంటుంది.

ఇంకొక అమరికను విడిగా చెప్పాలి. తక్కువ వేగంలో వెస్క్ హాల్ సెన్సార్లను నమ్మి, ఒక వేగం దాటాక వాటిని వదిలి తన లెక్కలతోనే రోటరు స్థానాన్ని ఊహిస్తుంది. ఆ మార్పిడి వేగం నా బోర్డులో 4,000 ఈఆర్‌పీఎం. వేగంగా తిరిగే చిన్న మోటార్లకు అది తొలి క్షణాల్లోనే దాటిపోయే విలువ. 23 జంటల హబ్ మోటారుకు అది గంటకు 21 కిలోమీటర్లకు పైన పడుతుంది, అంటే ప్రయాణమంతా హాల్ సెన్సార్ల మీదే నడిచి, సరిగ్గా మనం నిలకడగా వెళ్లే వేగం దగ్గర అటూ ఇటూ మారుతుంటుంది. 2,000కు తగ్గించాక మోటారు చప్పుడు మరింత తగ్గింది, ఆ సన్నని వణుకూ పోయింది. తెలియని మోటారును కలిపేవారు ఈ గడిని తప్పకుండా చూడాలి.

లోటుపాట్ల సంగతికి వస్తే, ఇది సైకిలు కోసం పుట్టిన కంట్రోలర్ కాదన్న విషయం థ్రాటిల్, బ్రేకుల దగ్గర బయటపడుతుంది. సైకిలు థ్రాటిల్ 5 వోల్టులతో పనిచేస్తూ 0.8 వోల్టుల నుంచి 3.6 పైచిలుకు దాకా సిగ్నల్ ఇస్తుంది. కొన్ని వెస్క్ బోర్డుల ఇన్‌పుట్ పిన్ను 3.3 వోల్టులకు మించి తట్టుకోదు. మధ్యలో రెండు రెసిస్టర్లతో వోల్టేజీని తగ్గించాలి లేదా థ్రాటిల్‌కే 3.3 వోల్టులు ఇవ్వాలి. బ్రేకు లీవరు నొక్కితే మోటారు ఆగే స్విచ్చుకు సిద్ధంగా కనెక్టర్ లేదు, ఖాళీ పిన్నును కిల్ స్విచ్‌గా అమర్చుకోవాలి. తొక్కుడు సెన్సారుకు ఫర్మ్‌వేర్‌లో ఏర్పాటు ఉంది గానీ వైరింగు మనదే. హ్యాండిల్ మీద తెర లేదు. స్విచ్ వేసే సమయానికి థ్రాటిల్ తిప్పి ఉంటే మోటారు కదలకుండా ఆపే సేఫ్ స్టార్ట్ అమరికను మాత్రం ఎవరూ తీసేయకూడదు.

డైరెక్ట్ డ్రైవ్ మోటారుతో బ్రేకు వేసినప్పుడు శక్తిని బ్యాటరీకి తిప్పి పంపవచ్చు. గేర్ల మోటారులో క్లచ్చు ఉంటుంది కనుక ఆ ఆశ వద్దు. నేను 3 ఆంపియర్లకు మించనివ్వలేదు. నిండు బ్యాటరీతో కొండ దిగుతూ గట్టిగా వాడితే బీఎంఎస్ సర్క్యూట్ తెంచేయవచ్చు, అప్పుడు మోటారు పుట్టించే కరెంటుకు పోయే దారి లేక కంట్రోలర్ లోపల వోల్టేజీ ఎగసి అదే కాలిపోతుంది. ఇరుసు విషయం అంతకన్నా ముఖ్యం. బ్రేకు వేసిన ప్రతిసారీ ఇరుసు మీద బలం దిశ తిరగబడి నట్లను వదులు చేస్తుంది కనుక టార్కు ఆర్మ్ (ఇరుసు తిరగకుండా పట్టి ఉంచే లోహపు పట్టీ) లేకుండా ఈ సౌకర్యాన్ని వాడకూడదు. ముందు చక్రంలో, అల్యూమినియం ఫోర్కులో బిగించేవారికైతే బ్రేకు మాట అటుంచి, నడపడానికే టార్కు ఆర్మ్ తప్పనిసరి.

సైకిలు కిట్లలో ఎక్కువగా వచ్చే కున్‌టెంగ్ కంట్రోలర్లతో పోల్చి చూసుకోవడం సహజం. ధరలో అవి మూడో వంతు ఉంటాయి. తెర, బ్రేకు స్విచ్చులు, తొక్కుడు సెన్సారు అన్నీ కనెక్టర్లతో సిద్ధంగా వస్తాయి. వాటి ఎల్‌సీడీ3 తెరలో పీ1 అనే గడిలో అయస్కాంతాల సంఖ్యను గేరు నిష్పత్తితో గుణించి ఇస్తే వేగం సరిగా కనిపిస్తుంది, నా మోటారుకైతే 46. మోటారు ఆరోగ్యంగా ఉండి, రంగుల వరుస కుదిరితే రోజువారీ వాడకానికి అవి చాలు, అలాంటి వారికి వెస్క్ కొనమని నేను చెప్పను. కెనడాలోని గ్రిన్ టెక్నాలజీస్ తయారుచేసే ఫేజ్‌రన్నర్‌లో మోటారును తానే కొలుచుకునే గుణమూ, సైకిలుకు తగ్గ కనెక్టర్లూ రెండూ ఉన్నాయి. ఖర్చు భరించగలిగితే అది ఇంకా చక్కని ఎంపిక. మోటారు ఏదో తెలియనప్పుడు, సెన్సారు వంకరగా ఉందో వైండింగ్ పాతబడిందో అంకెల్లో చూడాలనుకున్నప్పుడు, ఫేజ్‌రన్నర్ ధర పెట్టలేనప్పుడు వెస్క్ సరైనది.

సముద్రపు గాలికి కనెక్టర్లు త్వరగా పచ్చబడతాయి. పెట్టె మీద ఏం రాసి ఉన్నా హాల్ కనెక్టర్ దగ్గర నీరు చొరబడుతుంది, అక్కడ సిలికాన్ పూసి, ఇరుసు నుంచి వచ్చే కేబులును కిందికి వంపు తిప్పి కట్టాలి; లేకపోతే వాన నీరు కేబుల్ వెంట నేరుగా మోటారులోకి పోతుంది. కొనే ముందు అమ్మేవారిని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ బోర్డు పేరు వెస్క్ టూల్‌లోని హార్డ్‌వేర్ జాబితాలో ఉందా, లేక తయారీదారు సొంతంగా మార్చిన ఫర్మ్‌వేర్ వాడుతున్నారా? రెండోదైతే కొత్త ఫర్మ్‌వేర్ కోసం వారి మీదే ఆధారపడాలి, వేరే బోర్డు ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే పెట్టె పనికిరాకుండా పోవచ్చు. ఫర్మ్‌వేర్ మార్చినప్పుడు అమరికలు మొదటికి వచ్చే అవకాశం ఉంది కనుక మోటారు అమరికలనూ, థ్రాటిల్ అమరికలనూ వేరు వేరు ఫైళ్లుగా కంప్యూటరులో దాచుకోవాలి. తిరిగి ఎక్కించాక చక్రాన్ని స్టాండు మీద ఉంచి రెసిస్టెన్సు, హాల్ పట్టిక పాత విలువలతో కలుస్తున్నాయో లేదో చూసుకున్నాకే సైకిలును రోడ్డు మీదికి తీయాలి.